మాంట్రియల్ తోహులో సర్కస్, నృత్య ప్రదర్శనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాంట్రియల్‌లో ఉంటున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకునేవాళ్లు, ఈ ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులు ఒక మామూలు ప్రేక్షకుడివి, వేదిక నిర్వాహకులవి కావు. టికెట్ ధరలు, వేళలు ప్రతి సీజనుకూ మారతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. అవి వేదిక ప్రకటనల్లోనే చూసుకోండి.

తోహు అంటే ఏమిటి? ఎక్కడ ఉంది?

నగరానికి ఉత్తరాన, సెయింట్-మిషెల్ పేటలో, జారీ వీధి తూర్పు భాగంలో ఉన్న గుండ్రటి ప్రదర్శనశాల. సర్కస్ కళాకారుల సంఘం ఆం పిస్త్, జాతీయ సర్కస్ పాఠశాల, ప్రపంచ ప్రసిద్ధ సర్కస్ సంస్థ సర్క్ దు సొలెయ్ కలిసి 1999లో లాభాపేక్ష లేని సంస్థగా దీన్ని ఏర్పాటు చేశాయి. భవనం 2004లో తెరుచుకుంది. పాఠశాల పక్కనే, సర్క్ దు సొలెయ్ ప్రధాన కార్యాలయం ఎదురుగానే. నేర్చుకునే చోటు, సాధన చేసే చోటు, ఆడే చోటు పక్కపక్కనే ఉండటం వల్ల చుట్టూ ఉన్న ప్రాంతానికి సర్కస్ కళల నగరం అన్న పేరే స్థిరపడింది.

ఆ పక్కన కనిపించే పెద్ద మైదానం, అందులో తెల్లటి గోళాలు ఏమిటి అని కూడా చాలామంది అడుగుతారు. అది ఒకప్పటి మీరోన్ సున్నపురాయి గని. నగరంలోని ఎన్నో కట్టడాలకు సిమెంటు అక్కడి రాయి నుంచే వచ్చింది. రాయి తవ్వేశాక మిగిలిన గోతిని 1968 నుంచి చెత్తతో నింపారు. దశాబ్దాల పాటు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఆ దుర్వాసన, ధూళి భరించి, పోరాడి, చివరికి ఆపించారు. 192 హెక్టార్ల ఆ ప్రాంగణం ఇప్పుడు పార్కుగా మారుతోంది. యానిమేషన్ కళాకారుడు ఫ్రెడెరిక్ బాక్ పేరు పెట్టారు. తెల్లటి గోళాలు మట్టి కింద కుళ్లుతున్న చెత్త నుంచి వచ్చే వాయువును లాగే బావుల మూతలు. ప్రదర్శనశాలను కూడా పర్యావరణం దృష్టిలో పెట్టుకుని కట్టారు. బయటి గాలిని భూమి అడుగు నుంచి తీసుకొచ్చి చలికాలం కొంత వెచ్చగా, వేసవిలో కొంత చల్లగా లోపలికి పంపుతారు. ఆట మొదలవడానికి గంట ముందే వచ్చి పార్కులో ఒక చుట్టు నడవండి. ఎండాకాలమైతే మరీ మంచిది.

ఎదురుగా సర్క్ దు సొలెయ్ కార్యాలయం ఉంది కదా, ఇక్కడ ఆడేది వాళ్లేనా?

కాదు. ఈ పొరపాటు వల్ల టికెట్లు కొన్నాక చిన్నబుచ్చుకునేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. సర్క్ దు సొలెయ్ మాంట్రియల్‌లో ఆడేటప్పుడు సాధారణంగా పాత ఓడరేవు దగ్గర తన పెద్ద గుడారం వేస్తుంది. సెయింట్-మిషెల్‌లో ఉన్నది కార్యాలయం, దుస్తుల తయారీ, సాధన గదులు మాత్రమే.

తోహులో కనిపించేవి ఎక్కువగా చిన్న, మధ్యతరహా బృందాలు. 1993లో పుట్టిన సర్క్ ఎలోయిజ్, 2002లో ఏడుగురు కళాకారులు కలిసి పెట్టుకున్న లె సెత్ ద్వా (అంటే ఏడు వేళ్లు), క్యూబెక్ నగరం నుంచి వచ్చే మషీన్ దు సర్క్, ఫ్లిప్ ఫాబ్రిక్ వంటివి. విదేశీ బృందాలు కూడా వస్తాయి. సొలెయ్ ప్రదర్శనలో కళ్లు చెదిరే దుస్తులు, ముఖాలకు రంగులు, ఒక కల్పిత లోకం ఉంటాయి. ఈ చిన్న బృందాల కళాకారులు చాలాసార్లు మామూలు ప్యాంటు, చొక్కాల్లోనే వస్తారు. ముఖం కనిపిస్తుంది, చెమట కనిపిస్తుంది, పట్టు జారినప్పుడు పెదవి కొరుక్కోవడం కూడా కనిపిస్తుంది. నాకు ఇదే ఇష్టం. ఆడంబరం కావాలంటే ఓడరేవుకు వెళ్లండి, అందులో తప్పేమీ లేదు.

సింహాలు, ఏనుగులు ఉంటాయా?

ఉండవు. ఇండియాలో పెరిగిన మన పిల్లలు కూడా సర్కస్‌లో పులిని చూసి ఉండరు. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ఆడించకూడదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తర్వు ఇచ్చింది, సుప్రీంకోర్టు 2001లో దాన్ని సమర్థించింది. 2011లో అదే కోర్టు సర్కస్ కంపెనీల్లో పిల్లలతో పని చేయించడాన్నీ ఆపించింది.

జంతువులు లేకుండా సర్కస్ ఏమిటి? టికెట్ డబ్బులు గిట్టుబాటు అవుతాయా?

ఇది మా నాన్నగారి తరం ప్రశ్న, న్యాయమైనదే. వాళ్లు చూసిన సర్కస్‌లో రెండున్నర గంటలు ఒకదాని తర్వాత ఒకటి అంశాలు వచ్చేవి. ఒకదానికీ మరొకదానికీ సంబంధం ఉండేది కాదు, మధ్యలో జోకర్లు వచ్చి నవ్వించేవారు, మైకులో ఒకాయన గొంతు చించుకుని ప్రతి విన్యాసాన్నీ పొగిడేవాడు. 1970లలో ఫ్రాన్సులో కొందరు యువకులు ఈ పద్ధతిని పక్కన పెట్టారు. జంతువులు వద్దు, మైకు వద్దు, విన్యాసాలన్నీ కలిసి ఏదో ఒకటి చెప్పాలి అన్నారు. 1985లో ఫ్రాన్సు ప్రభుత్వమే షాలాన్ పట్టణంలో జాతీయ సర్కస్ కళల కేంద్రాన్ని తెరిచింది. క్యూబెక్‌లో అంతకు ముందే, 1981లో, గీ కారోన్, పియెర్ లక్లెర్ సర్కస్ పాఠశాల మొదలుపెట్టారు. 1984లో సర్క్ దు సొలెయ్ వచ్చింది. ఇక్కడ తరతరాల సర్కస్ కుటుంబాలు లేకపోవడమే ఒకరకంగా మేలైంది. ఇలాగే ఆడాలని చెప్పే తాతలు లేరు.

ఒక ఉదాహరణ చెబుతాను. లె సెత్ ద్వా బృందం 2018లో తోహులోనే తొలిసారి ఆడిన ‘పాసజే’లో రైలు ప్రయాణికులు ఉంటారు, అంతే. పెట్టె, సీటు, ఎదురుచూపు, వీడ్కోలు. ఆ సంగతులన్నీ ట్రపీజ్ (పై నుంచి రెండు తాళ్లకు వేలాడే కడ్డీ) మీద, వలయంలో, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి చెబుతారు. గిట్టుబాటు అవుతుందా అంటే, అంశాలు లెక్కపెట్టుకునేవాళ్లకు కాదేమో.

ఇంతకీ ఇది సర్కస్సా, డాన్సా?

రెండూ. ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. కూచిపూడి తరంగం చూసినవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు, నెత్తిన నీళ్ల చెంబు, మృదంగం జతులకు ఆ పళ్లెం ముందుకు, వెనక్కు, పక్కకు కదులుతుంది. చెంబు ఒలకకూడదు. చేతులు, కళ్లు కృష్ణుడి కథ చెబుతూనే ఉండాలి. ఇక్కడి భాషలో చెప్పాలంటే సమతుల్య విన్యాసమూ నృత్యమూ కలిసిన అంశం అది. మన దేశంలో దాన్ని సర్కస్ అంటే కూచిపూడి గురువులు కోప్పడతారు కానీ, కష్టం మాత్రం అదే రకం.

పశ్చిమ దేశాల్లో ఈ రెండూ కలిసిన సందర్భాల్లో ముందుగా చెప్పుకునేది 1995. షాలాన్ కేంద్రంలో చదువు పూర్తి చేసుకున్న బృందానికి నృత్య దర్శకుడు జోసెఫ్ నాజ్ ‘ఊసరవెల్లి కేక’ అనే అర్థం వచ్చే ప్రదర్శన తయారుచేశాడు. కొత్త సర్కస్‌కు అదొక మలుపు అని ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ అంటారు. 2019లో ఎక్స్.వై. అనే ఫ్రెంచి బృందం నృత్య దర్శకుడు రషీద్ ఉరమ్దాన్‌తో కలిసి చేసిన ‘మోబియస్’లో 19 మంది ఒక పక్షుల గుంపులా కదులుతారు. అందులో ఎగరడం ఎక్కడ మొదలై నడక ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం.

తేడా తెలుసుకోవాలంటే మోకాళ్లు చూడండి. పాత సర్కస్ కళాకారుడు పల్టీ వేసి దిగగానే రెండు చేతులూ పైకెత్తి చప్పట్ల కోసం ఆగుతాడు. నృత్యం నేర్చినవాళ్లు దిగిన ఊపును ఆపరు. మోకాళ్లు వంచి, దాన్ని నేల మీదికి దొర్లించి, తర్వాతి అడుగుగా మార్చేస్తారు. చప్పట్లకు వ్యవధి దొరకదు.

శాల గుండ్రంగా ఎందుకు? ఎక్కడ కూర్చుంటే మంచిది?

గుండ్రటి బరి గుర్రాల వల్ల వచ్చింది. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ సైనికుడు గుర్రం వీపు మీద నిలబడి స్వారీ చూపించేవాడు. గుర్రం వలయంలో పరిగెత్తుతుంటే ఆ ఊపే మనిషిని పడకుండా నిలబెడుతుంది. చివరికి 42 అడుగుల వ్యాసం, అంటే సుమారు 13 మీటర్లు, సరిపోతుందని తేలింది. గుర్రాలు పోయినా ఆ కొలత ప్రపంచమంతటా నిలిచిపోయింది.

తోహులో కుర్చీల అమరికను మార్చవచ్చు. కొన్ని ప్రదర్శనలకు చుట్టూ ప్రేక్షకులే ఉంటారు, కొన్నింటికి మామూలు రంగస్థలంలా ఒకవైపే. అందుకే టికెట్ కొనేముందు ఆ ప్రదర్శనకు అమరిక ఎలా ఉందో చూసుకోండి. అన్నింటికీ మొదటి వరుసే గొప్ప అనుకోవద్దు. పైన తాడు మీద, ట్రపీజ్ మీద జరిగేది చూడటానికి ముందు వరుసలో మెడ నొప్పి పుడుతుంది. మధ్య వరుసలు మేలు. ఒకవైపు అమరిక అయితే కొంచెం పక్కగా కూర్చోవడం నాకు ఇష్టం. అక్కడినుంచి తెర వెనుక నిలబడి చేతులకు సుద్దపొడి రాసుకుంటూ తన వంతు కోసం ఎదురుచూసే మనిషి కూడా కనిపిస్తాడు.

మొదటిసారి వెళ్తున్నాం. ఏం గమనించాలి?

ఎగిరేవాళ్లను అందరూ చూస్తారు. మీరు కిందివాళ్లను, పట్టుకునేవాళ్లను చూడండి.

ఒకరి అరచేతుల మీద మరొకరు తలకిందులుగా నిలబడే విన్యాసం ఉంటుంది. చూసేవాళ్లకు పైమనిషి ఎంత గొప్పగా నిలదొక్కుకుంటున్నాడో అనిపిస్తుంది. నిజానికి పైమనిషి నేర్చుకునే మొదటి పాఠం నిలదొక్కుకునే ప్రయత్నం మానేయడమే. ఒళ్లు కర్రలా బిగించి, కదలకుండా ఉండాలి. తూలుడు సరిచేసేది కిందిమనిషి. ఇద్దరూ సరిచేయబోతే ఒకరి దిద్దుబాటు మీద ఇంకొకరి దిద్దుబాటు పడి ఇద్దరూ కూలిపోతారు. దగ్గరగా కూర్చుంటే కిందిమనిషి మణికట్టు మీద నరాలు కదలడం, కాలివేళ్లు నేలను పట్టుకుని విడవడం కనిపిస్తాయి. పై నుంచి దిగేముందు వాళ్లిద్దరి మధ్య నడిచే ఒక చిన్న మాట, కొన్నిసార్లు ఊపిరి శబ్దం మాత్రమే, వినబడుతుంది.

ఇక పరికరాలు. ఐదారు మీటర్ల ఎత్తు, రబ్బరు తొడుగు ఉన్న ఇనుప స్తంభాన్ని చైనా స్తంభం అంటారు. చెక్క స్తంభం మీద చేసే మన దేశపు కసరత్తు మల్లఖంబ్ గుర్తుకొస్తుంది కానీ పద్ధతి పూర్తిగా వేరు. మల్లఖంబ్‌లో చెక్కకు ఆముదం రాసి, ఒంటి మీద బట్టలు దాదాపు లేకుండా ఎక్కుతారు. ఇక్కడ రబ్బరు ఒరిపిడికి చర్మం కాలిపోతుంది కాబట్టి మందపాటి బట్టలు, బూట్లు వేసుకుంటారు. తలకిందులుగా జారుతూ వచ్చి నేలకు జానెడు ఎత్తులో తొడలతో బిగించి ఆగడం దీని ప్రసిద్ధ విన్యాసం.

ఒకవైపు ఒకరు దూకితే మరోవైపు నిలబడ్డవారు గాల్లోకి లేచే ఊగుబల్ల ఇంకొకటి. క్యూబెక్ బృందాలు ఇందులో దిట్టలు. బల్ల చప్పుడు వినండి, రెండువైపులా దూకేవాళ్ల లయ ఆ చప్పుడులోనే ఉంటుంది. మనిషి లోపల నిలబడి తిరిగే పెద్ద ఒంటి వలయం సిర్ చక్రం. సర్క్ ఎలోయిజ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన దానియెల్ సిర్ దీన్ని ఇప్పటి రూపంలో ప్రపంచానికి చూపించాడు కాబట్టి అతని పేరే పడింది. నృత్యానికి అన్నింటికన్నా దగ్గరి పరికరం ఇదే అని నా అభిప్రాయం. చివర్లో వలయం నేలకు వాలి, నాణెంలా గిరగిరా తిరిగి ఆగేదాకా చూడండి.

ప్రమాదం కాదా? కింద వల ఉంటుందా?

ప్రమాదమే. ఎత్తున ఆడే కొన్ని అంశాలకు నడుముకు కట్టే తాడు, కొన్నింటికి కింద మందపాటి పరుపు ఉంటాయి. వల సాధారణంగా ఎగిరే ట్రపీజ్‌కు మాత్రమే. చాలా అంశాలకు చుట్టూ నిలబడ్డ తోటి కళాకారులే రక్షణ. వాళ్లు ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తారు గానీ, ప్రతి ఒక్కరూ ఎవరు ఎటు పడితే ఎవరు అందుకోవాలో ముందే అనుకుని ఉంటారు. అయినా ఒక్కోసారి ఏదీ ఆపలేదు. 2018 మార్చిలో ఫ్లోరిడాలోని టాంపాలో సర్క్ దు సొలెయ్ ప్రదర్శన జరుగుతుండగానే పదిహేనేళ్లకు పైగా అనుభవం ఉన్న కళాకారుడు గాల్లో వేలాడే పట్టీల నుంచి జారిపడి మరణించాడు.

విన్యాసం తప్పితే మళ్లీ చేస్తారు. రెండోసారీ తప్పితే మూడోసారి ప్రయత్నించవచ్చు, లేదా వదిలేసి ముందుకు సాగవచ్చు. ఆ వదిలేయడాన్ని చేతకానితనం అనుకోకండి. ఆ పూట ఒంటి సంగతి ఆ మనిషికే తెలుసు.

ఫ్రెంచ్ రాదు. అర్థమవుతుందా?

అవుతుంది. మాటలు తక్కువ, ఉన్నవి కూడా చాలాసార్లు ఫ్రెంచ్, ఇంగ్లిష్ కలిపి ఉంటాయి. హాస్యం పాళ్లు ఎక్కువున్న ప్రదర్శనల్లో మాత్రం క్యూబెక్ యాసలో వేసే చమత్కారాలు కొన్ని పోతాయి. పక్కవాళ్లు నవ్వినప్పుడు నవ్వేయండి.

పిల్లలను, పెద్దవాళ్లను తీసుకెళ్లవచ్చా?

ఐదారేళ్లు దాటిన పిల్లలకు చాలా ప్రదర్శనలు బాగుంటాయి. అన్నీ పిల్లల కోసం చేసినవి కావు. కొన్నింటిలో చీకటి, పెద్ద శబ్దం, మెరుపు దీపాలు, అక్కడక్కడా నగ్నత్వం కూడా ఉండవచ్చు. ఏ వయసువాళ్లకు తగినదో ప్రకటనలో రాస్తారు, అది చదవండి. నిడివి గంటంబావు నుంచి గంటన్నర, చాలాసార్లు విరామం ఉండదు. కాబట్టి పిల్లలను ముందే బాత్రూముకు పంపండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లు తక్కువ ఎక్కాల్సిన సీటు కావాలని టికెట్ కొనేటప్పుడే అడగండి. హాలుకు వెళ్లాక అడిగితే అంత సులువు కాదు.

అమ్మలకు ముందుగా ఒక మాట: ఆడవాళ్ల భుజాల మీద మగవాళ్లు నిలబడటం ఇక్కడ సాధారణం. మా అమ్మ కళ్లు మూసుకోలేదు, “ఆ పిల్ల ఏం తింటుందో” అంది.

ఎప్పుడు చప్పట్లు కొట్టాలి? ఫోటోలు తీసుకోవచ్చా?

సర్కస్‌లో విన్యాసం నచ్చిన వెంటనే కొట్టవచ్చు, కళాకారులకు అదే ఊపు. నృత్యం పాళ్లు ఎక్కువున్నప్పుడు హాలంతా నిశ్శబ్దంగా ఉంటే మీరూ చివరిదాకా ఆగండి. ఫ్లాష్ మాత్రం ఎప్పుడూ వద్దు. ఎదుటి చేతిని అందుకోవాల్సిన క్షణంలో కంట్లో వెలుగు పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఫోను తెర వెలుగు కూడా చీకటి హాల్లో ఎంత దూరమైనా కనిపిస్తుంది.

కేవలం నృత్యమే చూడాలంటే?

నగరం మధ్యలోకి రండి. ప్లాస్ దెజార్ట్ దగ్గరి వైల్డర్ భవనంలో 2017 నుంచి అగోరా ద లా దాన్స్, తాంజాంత్ వేదికలు ఉన్నాయి. హాళ్లు చిన్నవి, ప్రయోగాలు ఎక్కువ. కళాకారులు చేయి చాచితే తగిలేంత దగ్గర. పెద్ద వేదిక మీద ప్రపంచ ప్రసిద్ధ బృందాలను చూడాలంటే 1998 నుంచి నడుస్తున్న దాన్స్ దాన్స్ సంస్థ సీజను చూడండి. బ్యాలే కావాలంటే లె గ్రాన్ బాలే బృందం ఉంది. ప్రయోగాత్మక నృత్యం మొదటిసారి చూసేవాళ్లకు ‘ఇందులో డాన్స్ ఏది’ అన్న సందేహం రావచ్చు. సర్కస్ కలిసిన ప్రదర్శనతో మొదలుపెట్టి అటు వెళ్లడం తేలికైన దారి.

తక్కువ ఖర్చులో చూడటం ఎలా?

రెండు మార్గాలు. మొదటిది, జాతీయ సర్కస్ పాఠశాల విద్యార్థులు చదువు ముగిసే ముందు, వేసవి మొదట్లో, తోహులో ఇచ్చే వార్షిక ప్రదర్శనలు. టికెట్ తక్కువ, ఆడేవాళ్లలో కసి ఎక్కువ. రేపు ప్రపంచమంతా తిరిగే కళాకారులు ఇందులోనే ఉంటారు. ఒకే ప్రదర్శన చూడగలిగితే ఇదే చూడమంటాను. రెండోది, 2010 నుంచి ప్రతి జులైలో జరిగే మోంరెయాల్ కాంప్లెత్మాం సర్క్ ఉత్సవం. హాళ్లలో ఆడేవాటికి టికెట్లు ఉంటాయి, వీధుల్లో, కూడళ్లలో జరిగేవి ఉచితం. ఎండలో నిలబడాలి, నీళ్లసీసా మరవద్దు.

మా అమ్మాయి నేర్చుకుంటానంటోంది. ఇది ఉద్యోగమవుతుందా?

సరదాగా నేర్చుకునే పిల్లలకు వారాంతపు తరగతులు నగరంలో ఉన్నాయి. ముందు అక్కడ చేర్పించండి. వృత్తిగా తీసుకోవాలంటే జాతీయ సర్కస్ పాఠశాలలో ఉన్నత పాఠశాల చదువుతో కలిపి నేర్పే విభాగం, ఆ తర్వాత మూడేళ్ల కళాశాల డిప్లొమా ఉన్నాయి. ప్రవేశం పరీక్ష ద్వారా, పోటీ ప్రపంచవ్యాప్తం. నృత్యం, నటన, శరీర నిర్మాణ శాస్త్రం కూడా చదవాలి. భరతనాట్యమో కూచిపూడో నేర్చుకుని ఉంటే అదేమీ వృథా పోదు.

ఉద్యోగం సంగతి: గాయాలు, ఒప్పందాల మధ్య ఖాళీ నెలలు, సూట్‌కేసులో బతుకు. 2020లో ప్రదర్శనలన్నీ ఆగిపోయినప్పుడు సర్క్ దు సొలెయ్ అంతటి సంస్థే అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. ఇవన్నీ చెప్పి, ఆ తర్వాత కూడా అమ్మాయి చేస్తానంటే ఒప్పుకోండి. మన ఊళ్లలో గడ ఎక్కి, తాడు మీద నడిచి, పిల్లిమొగ్గలు వేసిన దొమ్మరి కళాకారులకు బియ్యం గింజలు, చిల్లర డబ్బులు దక్కాయి గానీ పాఠశాల దక్కలేదు, గౌరవమూ దక్కలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సొంత సర్కస్ కంపెనీతో దేశాలు తిరిగినా, ఆ విద్య నేర్పే కళాశాల తెలుగునేల మీద రాలేదు. ఇక్కడ దానికి డిగ్రీలాంటి పట్టా ఇస్తున్నారు, ఈ ఒక్క విషయంలో నాకు ఇక్కడివాళ్లంటే అసూయ.

ఎలా వెళ్లాలి? చలికాలంలో ఇబ్బందా?

మెట్రో నేరుగా లేదు. ఆరెంజ్ లైనులో జారీ స్టేషన్‌లో దిగి, జారీ వీధి వెంట తూర్పు వైపు వెళ్లే బస్సు ఎక్కడం అన్నింటికన్నా సులువు. బ్లూ లైనులో దిబెర్‌విల్, సెయింట్-మిషెల్ స్టేషన్ల నుంచి కూడా బస్సులో చేరవచ్చు. జనవరి, ఫిబ్రవరిలో మంచు తుపాను హెచ్చరిక ఉన్న రోజున అరగంట ఎక్కువ పెట్టుకోండి. ఆట మొదలయ్యాక వచ్చినవాళ్లను కళాకారులకు అడ్డం లేని సమయం చూసి మాత్రమే లోపలికి పంపుతారు. గుండ్రటి హాల్లో అలాంటి సమయం తక్కువ. బరువైన కోట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చోకుండా కోట్లు భద్రపరిచే చోట ఇచ్చేయండి. ఆట అయిపోయాక అందరూ ఒకేసారి అక్కడికే వస్తారు కాబట్టి, బస్సుకు తొందరున్నవాళ్లు టోకెన్ ముందే చేతిలో పెట్టుకుని ఉంటే మంచిది.